రోవర్ బానెట్ మీద స్వస్తిక్

ఆకాష్ పాలిష్ డబ్బా మూత తీయగానే వాసన కారు లోపలికీ వచ్చింది. కిరోసినూ మైనమూ కలిపి మరగబెట్టినట్టున్న వాసన. నేను ముందు సీట్లో ఎడమవైపు కూర్చుని ఉన్నాను. డాష్‌బోర్డు అరలో ఉన్న మా సామాను తీసేస్తానని చెప్పి వచ్చాను. మా ఆయన దువ్వెన, సగం వాడిన వక్కపొడి పొట్లం, టైర్లలో గాలి చూసే గొట్టం, నా పాత కళ్లజోడు, అన్నీ తీసి ఒళ్లో పెట్టుకోవడం అయిపోయింది. ఇంక దిగాలి. దిగలేదు. ఎదుటి అద్దంలోంచి పొడవాటి బానెట్ కనిపిస్తోంది, ముదురాకుపచ్చ, చివర ముక్కు మీద ఒక ఓడ బొమ్మ. సముద్రం ఎటు చూసినా ఒక రాత్రి రైలు ప్రయాణం దూరంలో ఉన్న ఈ రాయచూరులో ఒక ఓడ. దానికి ఇవతల, సరిగ్గా నా ఎదురుగా, పచ్చ రంగులో తెల్లబారి కనిపించే స్వస్తిక్. అది నేను వేసింది. ఇవాళ అది పోవాలి. అది పోతే, కొనుక్కుంటున్న ఆకాష్ ఈ కారును లారీ ఎక్కించుకుని బళ్లారి తీసుకుపోతాడు, రేపు ఆయుధపూజకు వాళ్లింటి ముందు నిలబెట్టుకుంటాడు. మాట అయిపోయింది. మా మరిది వాదిరాజ్ గంజ్‌లో మాట ఇచ్చి వచ్చాడు. గంజ్ అంటే మా ఊరి పత్తి, వేరుశనగల బజారు; మావాళ్ల దుకాణం మామగారి రోజుల నుంచీ అక్కడే. నేను కూడా సరేనన్నాను. సరే అనడానికి పెద్దగా నోరు తెరవనక్కర్లేదు, తల కొద్దిగా వంచితే చాలు.

గుడ్డ తిరగడం మొదలైంది. గుండ్రంగా, నెమ్మదిగా. ఆకాష్ చెయ్యి మంచిది, ఒత్తదు, తొందరపడదు. పాత కార్లంటే నిజంగా ఇష్టమున్న మనిషి. పొద్దున రాగానే చెప్పులు బయట విడిచి షెడ్డులోకి వచ్చాడు, అది నేను చూశాను. "ఆంటీ, ఇది మరక కాదండీ," అని ఓపికగా చెప్పాడు. "సున్నం పై రంగును తినేసింది. ఆ గీతల దగ్గర రంగు పలచబడింది, అంతే. గీతను తీయలేం. చుట్టూ ఉన్న రంగును కూడా ఆ మట్టానికి దించితే ఇంక గీత కనబడదు." నాకు అర్థమైంది. ఇన్నేళ్లుగా పాఠాలు చెబుతున్నదాన్ని, ఎవరైనా ఒక విషయాన్ని సరిగ్గా చెబితే గుర్తుపడతాను. తెల్ల గుడ్డ అప్పుడే పచ్చబడింది. ఇంగ్లండులో ఎవరో, ఇప్పుడు బతికి ఉండరేమో, వేసిన రంగు ఆ గుడ్డలోకి వస్తోంది. గీత లోతు తగ్గడం లేదు, చుట్టుపక్కల ఉన్నదంతా తగ్గుతోంది. మాఘమాసంలో ఆయన పోయిన దగ్గర్నుంచి నన్ను ఓదార్చడానికి వచ్చినవాళ్లు చేసింది కూడా ఇదేననిపించింది. వచ్చినవాళ్లంతా తమ ఇంట్లో పోయిన మనిషి గురించి చెప్పారు, పక్క వీధిలో పోయినవాళ్ల గురించి చెప్పారు, ఇంకా చిన్న వయసులో పోయినవాళ్ల గురించి చెప్పారు, చెప్పి చెప్పి లోకమంతా ఒక మట్టానికి దించి, ఇప్పుడు చూడు, ఏమైనా కనిపిస్తోందా అన్నట్టు నా మొహంలోకి చూశారు. వాళ్ల తప్పేమీ లేదు. టీ ఇచ్చి పంపాను.

కృష్ణాబాయి అయితే అలా మాట్లాడేది కాదు. ఆమె ఆయన కంటే ముందే పోయింది. ఈ కారు ఆమెది. ముదగల్ కోటకు ఆనుకుని వాళ్ల రాతి ఇల్లు. ఆమె మామగారు పత్తి మిల్లు నడిపే రోజుల్లో బొంబాయిలో ఓడ దిగిన రోవర్ సెవెంటీ ఫైవ్ ఇది. మిల్లు పోయింది, మనుషులు పోయారు, కారును గుర్రాల కొట్టంలో పెట్టి తలుపు వేశారు. మందపు రాతి గోడలు, వానలు తక్కువైన ఊరు; తుప్పు పట్టడానికి దానికి అవకాశమే రాలేదు. వేరుశనగ కొనడానికి ఆ ఊరు వెళ్లిన ఆయన ఒకరోజు ఆ తలుపు సందులోంచి చూశారు. ఇంటికొచ్చి అన్నం తింటూ "లలితా, ముదగల్‌ల ఒక బండి చూసిన," అన్నారు. అంతే అన్నారు. చాలా ఏళ్లు అంతకు మించి ఏమీ అనలేదు. ముదగల్ వెళ్లిన ప్రతిసారీ ఆమె ఇంటికి పోయి, టీ తాగి, ఆ కారులో కాసేపు కూర్చుని వచ్చేవారు. అమ్ముతారా అని ఒక్కసారి అడిగారు. ఆమె వినబడనట్టు ఊరుకుంది. ఆయన మళ్లీ అడగలేదు. మా వ్యాపారుల్లో అదొక పద్ధతి; అవతలివాళ్లు ఊరుకుంటే అడిగింది అక్కడే వదిలేసి రావాలి, విత్తనం వేసి వచ్చినట్టు. చివరికి ఆమే కబురు చేసింది. కారు సంగతి కాదు. "మీ ఇంట్ల ఆమెను తోలుకొని రా," అని.

పెళ్లిచూపులకు కూడా నేను అంత భయపడలేదు. కృష్ణాబాయి నులకమంచం మీద కూర్చుని నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఈమెనా?"

"ఈమెనే అవ్వా," అన్నారు ఆయన.

"పంతులమ్మ అంటివి. నేను లావుంటదనుకుంటి." తర్వాత నా వైపు తిరిగింది. "బండ్ల కూసుంటె కడుపుల తిప్పుతదా?"

"తిప్పదవ్వా."

"ఆయన తోల్తుంటె పక్కన కూసోని మెల్లగ, మెల్లగ అంటవా? నోరు మూసుకుంటవా?"

ఏది చెబితే నెగ్గుతామో తెలియలేదు. నిజం చెప్పాను. "అంట."

ముసలామె పళ్లు లేని నోటితో నవ్వింది. "నేను అనకపోతి. పెద్దోళ్ల ముంగట నోరు తెరిస్తె బాగుండదని ఊకుంటి. అందుకే మా ఆయన మస్కి కాడ మైలురాయికి గుద్దిండు. దీపం కింద సొట్ట ఉన్నది, చూసుకో. అనే ఆడది పక్కనుంటె బండి నిలుస్తది." తాళంచెవి ఆయనకు ఇవ్వలేదు. నా చేతిలో పెట్టింది. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డారు, గంజ్‌లో ఎవరికీ తలవంచని మనిషి, అత్తగారింటికి మొదటిసారి వచ్చిన అల్లుడిలాగా.

ఆ రోజు లింగసూగూరు దాటి సిరవార దాకా బాగానే వచ్చాం. దారిలో మమ్మల్ని దాటిన బస్సుల కిటికీల్లోంచి తలలు బయటికి వచ్చాయి. కాలువ దగ్గర ఇంజను వేడెక్కి ఆవిరి వస్తే ఆపారు. కాలువ నీళ్లు ఆలస్యమై వరి నాట్లు ఇంకా పడుతున్న రోజులు. ట్రాక్టర్లు ఆపి మనుషులు చుట్టూ చేరారు, కాలువ కింద భూములు కొనుక్కుని కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. "ఏం బండండీ ఇది? పెళ్లికి తెప్పించారా?" అని ఒకాయన. "పెళ్లి ఎప్పుడో అయిందండీ, ఇప్పుడు ఊరేగిస్తున్నాడు," అని ఇంకొకాయన. అందరూ నవ్వారు, నేను కూడా. కాలువలోంచి బిందెతో నీళ్లు తెచ్చి ఇచ్చారు. ఆయన చల్లారేదాకా ఆగి, మూతకు తువ్వాలు చుట్టి తిప్పి, నీళ్లు పోశారు. బురద చేత్తో ఎవరో తలుపు మీద ఆనుకుంటే మాత్రం మర్యాదగా, "అన్నా, జరంత చెయ్యి తియ్యి," అన్నారు. ఆ తలుపు మీద అరచెయ్యి ఆనించనివ్వని మనిషి. అదే నేను ఇప్పుడు ఆలోచిస్తున్నది. ఈ గుడ్డ చప్పుడు వింటూ, సర్, సర్, అదే ఆలోచిస్తున్నాను. అరచెయ్యి ఆనించనివ్వని మనిషి, ఇంటికొచ్చాక నేను చేసిన దానికి ఏమన్నాడు.

నేను చేసింది ఇది. బండి ఇంటికొచ్చింది, మరునాడు దసరా. పూజ చెయ్యాలి. కుంకుమతో వేస్తే ఎండకు కారిపోతుందని, గడపకు వేసినట్టు పసుపులో సున్నం కలిపి, ఎర్రగా, చిక్కగా ముద్ద చేసి, బానెట్ మీద వేలితో స్వస్తిక్ వేశాను. రాతి గడపకు వేసే చేతికి ఇంకో తీరు తెలియదు. వేసిన గుర్తును ఆ పూట తుడవకూడదు కాబట్టి రాత్రంతా, మరుసటి రోజు ఎండంతా అలాగే ఉంచాం. ఆ తర్వాత ఆయన మెత్తటి గుడ్డ తడిపి తుడిచారు. ఎరుపు పోయింది. కింద రంగు తెల్లబారి, నా వేలు ఎంత వెడల్పో అంత వెడల్పున, నాలుగు కొమ్ములూ నాలుగు చుక్కలూ తేలాయి. ఆయన మళ్లీ తుడిచారు. వంగి, గోటి వెనకతో మెల్లగా రాసి చూశారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. అన్నేళ్లు ముదగల్‌లో టీ తాగిన మనిషి. చాలాసేపటికి నిటారుగా నిలబడి, గుడ్డ పిండి తీగ మీద ఆరేసి, "గడపకు ఉన్నది ఎవరన్న గోకుతరా," అన్నారు. ఇంక ఆ సంగతి మా మధ్య మళ్లీ రాలేదు. చూడవచ్చిన వాళ్లు అడిగితే మాత్రం నవ్వకుండా చెప్పేవారు, "అది మా ఇంట్ల ఆమె నంబర్ ప్లేట్," అని. ఒకసారి కారులో కూర్చుని ఉండగా, "చూసినవా, బయట్నించి చూసినా, లోపట్నించి చూసినా ఒక్కతీరే ఉంటది," అన్నారు. అప్పుడు నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. తల ఎత్తి చూశాను. నిజమే, ఎటునుంచి చూసినా ఒక్కటే.

ఆదివారం పొద్దున ఎండ ముదరకముందు బయటికి తీసేవారు. చోక్ లాగి, ఇంజను గొంతు సర్దుకునేదాకా ఆగి, అప్పుడు నన్ను పిలిచేవారు. కృష్ణ వంతెన దాకానో, నేను పనిచేసే ఇడపనూరు వైపో వెళ్లి, ఎండ చురుక్కుమనే లోపల తిరిగి రావడం. ఆయన ఎక్కువ మాట్లాడరు, నేనూ అంతే. నేను మెల్లగ అనడం, ఆయన మెల్లగనే పోతున్న అనడం, మా మాటలంటే చాలావరకు అవే. తిరిగొచ్చాక కింద పాత పేపరు పరిచి, మర్నాడు దాని మీద పడిన నూనె చుక్కలు చూసి, "తగ్గింది," అనో, "పెరిగింది," అనో, జ్వరం చూసినట్టు. కప్పడానికి బొంతలు కుట్టే రంగవ్వ చేత నా పాత చీరలూ ఆయన పంచెలూ కలిపి ఇంత పెద్ద కౌది కుట్టించారు. కౌది అంటే బొంతే. మా వైపు మనుషులు కప్పుకునేది. ఇది కారు కప్పుకునేది. నేను కట్టుకుని మానేసిన చీరలన్నీ షెడ్డులో ఒక్కచోట కనబడుతుంటే మొదట్లో నవ్వొచ్చేది.

అద్దం అవతల ఆకాష్ ఆగి చెమట తుడుచుకున్నాడు. అతని భార్య నేహ ఫోనులో వీడియో తీస్తోంది. మంచి పిల్ల. కిటికీ దగ్గరికి వంగి, "ఆంటీ, ఏమీ అనుకోకండి, మా అత్తమ్మకు పట్టింపు. ఆ గుర్తు ఉండగా బండి గేటు లోపలికి రావద్దంది," అంది. అనేశాక నాలుక కరుచుకుంది. ఆకాష్ అటునుంచి "నేహా" అన్నాడు. నాకు కోపం రాలేదు. ఇది నేను సర్దిచెప్పుకుంటున్న మాట కాదు, నిజంగానే రాలేదు. వేసిన చెయ్యి ఇప్పుడు ఎలాంటి చెయ్యో ఆ పెద్దావిడ లెక్క ఆవిడది. మా అత్తగారు ఉన్నా అదే అనేవారు. వాదిరాజ్ అమ్ముదామన్నప్పుడు చెప్పిన కారణం కూడా తప్పు కాదు. "వదినా, దినాం బడి నుంచి వచ్చి దాంట్ల కూసుంటున్నవంట. పక్కింటోళ్లు చూస్తున్రు. చీకటైనంక గూడ దిగవంట. గిట్ల బండిని పెట్టుకుంటె నువ్వు ఎట్ల తేరుకుంటవ్?" అన్నాడు. అన్న గురించి అడగాల్సిన మాటలన్నీ నన్ను అడగలేక, చివరికి ఇదొక్కటి అడిగాడు పాపం. కూర్చుంటున్న మాట నిజం. సంచి వెనక సీట్లో పెట్టి, తలుపు వేసుకుని, ముందు సీట్లో కూర్చుంటాను. ఎక్కడికీ వెళ్లను. ఏమీ ఆలోచించను. తోలు సీటు వాసన, చెక్క వాసన, లోపలికి ఏ చప్పుడూ రాదు. హుబ్బళ్లిలో ఉద్యోగం చేసే మా అమ్మాయి స్ఫూర్తికి ఫోనులో చెబితే, "నీకు ఏది మంచిదనిపిస్తే అది చెయ్యమ్మా," అంది. ఏది మంచిదనిపించడం అనేదే నాకు కొంతకాలంగా జరగడం లేదు. అది దానికి చెప్పలేదు.

ఆయన పోయిన రోజు ఎనిమిదో తరగతికి పాఠం చెబుతున్నాను. కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న నేలను రాయచూరు దోఆబ్ అంటారు, అని బోర్డు మీద కన్నడంలో రాస్తున్నాను. గుమ్మం దగ్గర హెడ్మాస్టరు వచ్చి నిలబడ్డారు, చేతిలో నా ఫోను. నేను వాక్యం పూర్తిచేశాను. చివర చుక్క పెట్టాను. సుద్దముక్క డబ్బాలో పెట్టి, చేతులు దులుపుకుని వెళ్లాను. అప్పటికే అయిపోయింది. దుకాణంలో కాదు, బయట ఎక్కడో, గంజ్‌లో. వాదిరాజ్ ఆ రోజు సిరవారలో ఉన్నాడు. ఆయన పక్కన ఉన్నది నాగేశ్వరయ్య ఒక్కరే, గంజ్‌లో అందరికంటే పెద్ద దళారి, ఈ ఆకాష్‌కు మేనమామ, ఈ బేరం కుదిర్చింది కూడా ఆయనే. తర్వాత చాలాసార్లు మా ఇంటికి వచ్చారు. కూర్చుని, చెయ్యి మోకాలి మీద పెట్టుకుని, "అమ్మా, ఆ దినం ఏమాయెనంటె," అని మొదలుపెట్టేవారు. నేను టీ పెట్టడానికి లేచేదాన్ని. నాకు గంజ్ నుంచి ఫోను వచ్చిందన్నంతవరకే తెలుసు. అక్కడికి ఆ తర్వాత నేను పోలేదు. అంతకుముందు కూడా పోయింది లేదు, మా ఇళ్లలో ఆడవాళ్లం గంజ్‌కు పోము.

సర్, సర్. గుడ్డ ఇప్పుడు ఒకే చోట తిరుగుతోంది, కుడివైపు పై కొమ్ము దగ్గర. ఆకాష్ వంగి, ఊది, పక్కకు తిరిగి వెలుతురు పడేలా చూశాడు. మొహం విచ్చుకుంది. "వస్తోంది, ఆంటీ!" అన్నాడు. నేను చూశాను. కొమ్ము లేదు. అక్కడ మెరుస్తున్న పచ్చదనం, చాలా అందంగా ఉంది, అంతకుముందు ఎప్పుడూ ఎవరి వేలూ పడనట్టు. మిగిలిన మూడు కొమ్ములూ అలాగే ఉన్నాయి. నా వైపు నుంచి ఒకలా ఉంది, అతని వైపు నుంచి ఇంకోలా ఉండి ఉంటుంది. గోటి వెనకతో రాసి చూసిన మనిషి గుర్తొచ్చాడు. తియ్యాలంటే ఆయన కూడా తియ్యగలడు. పాలిష్ డబ్బాలు ఆయన దగ్గర ఎన్ని లేవు, ఇంగ్లండు నుంచి తెప్పించుకున్నవి. ఈ చుట్టూ ఉన్న రంగును కొంచెం దించితే సరిపోతుందని ఆయనకు తెలియదా. తెలుసు. తెలిసి గుడ్డ పిండి ఆరేశాడు. గీతలు వేసింది నా చెయ్యే కానీ, అవి ఇన్నేళ్లు అక్కడ ఉన్నది ఆయన వల్ల. నేను ఇది నా గుర్తు అనుకుంటూ వచ్చాను. కాదు. దీంట్లో నాది వేలు మాత్రమే. ఆకాష్ గుడ్డకు మళ్లీ పాలిష్ అద్ది రెండో కొమ్ము మీద పెట్టాడు.

"సాకు!"

బడిలో గోల ఆపడానికి వాడే కన్నడ మాట, ఇక చాలు అని. కారు లోపల అంత గట్టిగా వినిపించేసరికి నేనే ఉలిక్కిపడ్డాను. ఆకాష్ చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"ఆంటీ?"

కిటికీ అద్దం దించాను. "ఇంక వద్దు బాబూ."

"ఇంకో అరగంట, అంతే. ఒకటి పోయింది కదా, ఇప్పుడు మధ్యలో ఆపితే…"

"ఉన్నంతవరకు ఉండనీ."

వాదిరాజ్ టీ గ్లాసులు పట్టుకుని పెరటి గుమ్మంలోంచి వస్తున్నాడు. మా ముగ్గురి మొహాలూ చూసి అక్కడే ఆగాడు. "ఏమాయె? బండి ఖరాబైందా?"

"బండి ఇయ్యను వాదిరాజ్."

గ్లాసులు గడప మీద పెట్టేశాడు. "గట్లంటె ఎట్ల వదినా? జబాన్ ఇచ్చి వచ్చిన. అన్న పోయినంక గంజ్‌ల నేను ఇచ్చిన మొదటి మాట ఇది. రేపు నా చేతికి ఎవడు మాల్ ఇస్తడు? గురురాజ్ తమ్ముడు మాట మీద నిలవడు అంటరు. దుకాణం మూసుకునుడే."

అతను చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా ఎక్కువ లేదు. గంజ్‌లో ఒక మనిషికి ఉండే ఆస్తి అదొక్కటే. అన్న నీడలో ఇన్నేళ్లు బస్తాలు లెక్కపెట్టి, ఇప్పుడిప్పుడే ముందుకొచ్చి నిలబడుతున్న మనిషిని నేను కిందికి తోసేస్తున్నాను. కొమ్ము పోయిన చోటు వైపు చూశాను. మళ్లీ అతని వైపు చూశాను.

"మాట నువ్విచ్చినవ్. వాపస్ తీసుకునేది నేను. నేనే పోయి చెప్త. నన్ను తోలుకపో."

"ఎక్కడికి?"

"గంజ్‌కి."

"నువ్వా?" అన్నాడు. "గంజ్‌కా?"

"దీంట్లనే."

ఆకాష్ పాలిష్ డబ్బాకు మూత బిగించాడు. అతనికి బాధగానే ఉంది, దాచుకోలేదు కూడా. గుడ్డను మడిచి, పచ్చగా ఉన్న వైపు లోపలికి పెట్టి, జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, "ఆంటీ, ఎలాగూ మామయ్య దగ్గరికే కదా. ఒక్కసారి వెనక కూర్చుని రావచ్చా? ఇది రోడ్డు మీద ఎలా పోతుందో చూస్తాను. అంతే," అన్నాడు. నాకు ఆ పిల్లవాడి మీద ఇష్టం కలిగింది. రమ్మన్నాను. ఈ కారుకు వెనక తలుపులు ముందు తలుపులకు ఎదురుగా తెరుచుకుంటాయి. నేహ కాసేపు తప్పు వైపు లాగింది. వాదిరాజ్ స్టీరింగ్ ముందు కూర్చుని చేతులు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చూశాడు. "అన్న ఉన్నన్నాళ్లు తాళంచెవి గూడ ముట్టనియ్యలే," అన్నాడు, సగం నాతో, సగం కారుతో. ఒకసారి ఆగిపోయింది. రెండోసారీ ఆగిపోయింది. "అంకుల్, చోక్ కొంచెం లోపలికి తోయండి," అన్నాడు ఆకాష్ వెనకనుంచి. షెడ్డులోంచి బయటికి వచ్చేసరికి ఎండ బానెట్ అంతా పరుచుకుంది. ఆయన ఎప్పుడూ ఈ వేళకు బయటికి తీయలేదు. పడనీ అనుకున్నాను. రంగు ఎండకు తగ్గేదే. పండగ బజారులో ఈ కారు ఏమిటి అన్నట్టు జనం చూస్తున్నారు. ఆటోలు, గేదెలు, దసరా చెరుకుగడలు, బూడిద గుమ్మడికాయల బండ్లు, మామిడాకులు. వాదిరాజ్ మూల తిరిగినప్పుడు వేగంగానే తిరిగాడు. నేను ఏమీ అనలేదు.

గంజ్ నేను అనుకున్నంత పెద్దదిగా లేదు. అనుకున్నంత చిన్నదిగా కూడా లేదు. రెండు వరసల దుకాణాలు, మధ్య సిమెంటు నేల మీద వేరుశనగ రాశులు, పత్తి బోరాలు, గాలిలో దుమ్మూ పత్తి పీచూ. రేపటి పూజకు తక్కెడలు కడుగుతున్నారు. హమాలీలు బస్తాలు దించి కారు వైపు తిరిగారు. "గురురాజ్ సేటు బండి," అని ఎవరో అనడం వినిపించింది. నేను దిగాను. నాగేశ్వరయ్య తన దుకాణం ముందు అరుగు మీద కూర్చుని, ఒక రైతు చేతిని రుమాలు కింద పట్టుకుని ఉన్నారు. ఇప్పుడు అన్నీ కంప్యూటర్ల మీద జరిగినా పాతవాళ్లు ఇది వదల్లేదు. ధర పైకి చెప్పరు, రుమాలు కింద వేళ్లు పట్టుకుని చెప్పుకుంటారు, పక్కవాడికి తెలియదు. నన్ను చూసి ఆ చెయ్యి వదిలేశారు.

"ఏందమ్మా, నువ్వొస్తివి? కబురు చేస్తె నేనే రాకపోదునా?"

నేను ఆయనకు దగ్గరగా వెళ్లలేదు. దగ్గరగా వెళితే మెల్లగా చెప్పాల్సి వస్తుంది. ఉన్నచోటే నిలబడి, చివరి బెంచీకి వినబడే గొంతుతో చెప్పాను.

"కాకా, బండి ఇయ్యను. వాదిరాజ్ మాట తప్పలే. తను ఇయ్యమనే అన్నడు. తప్పింది నేను. అందరు విననీ."

నా వెనక వాదిరాజ్ తల వంచుకుని ఉంటాడనుకున్నాను. తిరిగి చూడలేదు. నాగేశ్వరయ్య నన్ను చూశారు, కారును చూశారు, వెనక తలుపు తెరుచుకుని దిగుతున్న మేనల్లుణ్ని చూశారు.

"ఓరి నీ! కొననీకె వచ్చినోన్ని ఎక్కించుకొని వచ్చి ఇయ్యనంటివా! ఏం ఆకాషూ, సవారీ ఎట్లున్నది?"

"బాగుంది మామయ్యా," అన్నాడు ఆకాష్ చిన్నబోయి.

అరుగుల మీద నవ్వులు లేచాయి. నాగేశ్వరయ్య ఒళ్లో ఉన్న రుమాలు తీసి గట్టిగా దులిపి భుజం మీద వేసుకున్నారు. అలా అందరి ముందూ దులిపితే బేరం లేనట్టే, ఇచ్చినవాడి మీద మచ్చ లేనట్టే. "పో వాదిరాజ్, నీ జబాన్ నీకు వాపస్. నీ వదిన గొంతు ఇంత ఉంటదని నాకు ముందే తెలిస్తె బేరానికే రాకపోదును," అన్నారు. మళ్లీ నవ్వారు. వాదిరాజ్ కూడా నవ్వినట్టున్నాడు. ఎవరో టీ చెప్పారు. హమాలీలు బస్తాల దగ్గరికి తిరిగి పోతున్నారు. వచ్చిన పని అయిపోయింది. నా గొంతు ఇంకా అలాగే తెరుచుకుని ఉంది, ఇంకా ఏదో రాబోతున్నట్టు. రానిచ్చాను.

"కాకా, ఆ దినం ఆయన ఎక్కడ కూసుండె?"

ఈసారి గట్టిగా అనలేదు. అయినా ఆయనకు వినబడింది. నవ్వు మొహంలోంచి పోయింది. అప్పటిదాకా నా కోసం పక్కకు పెట్టి ఉంచినదేదో ఇంక పట్టుకోనక్కర్లేదన్నట్టు, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచారు. కాలితో చెప్పులు వెతుక్కున్నారు. చాయ్ తెస్తున్న మనిషిని చేత్తోనే ఆగమన్నారు.

"రా అమ్మా, చూపిస్త," అన్నారు. "దగ్గర్నే."